కండ్లు లేని కొండ

హైదరాబాదులో ఒక గోడ కూలిపోకుండా నిలవాలంటే దాని మీద ఏముండాలి?

అందం ఉండాలి అనేవారు ఈ నగరానికి నిన్ననే వచ్చినవారై ఉంటారు. చట్టబద్ధమైన హక్కు ఉండాలి అనేవారు న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఇంకా కోర్టు వరండాలో నిలబడి ఎరగనివారై ఉంటారు. నాచారంలో పూలమ్ముకునే ఏ ముసలమ్మను అడిగినా అసలు జవాబు క్షణంలో చెబుతుంది: రెండు కండ్లు, ఒక బొట్టు. అవి ఉంటే ఎంతటి యంత్రమైనా ఆ గోడ దగ్గరకు వచ్చి ఆగుతుంది, లేకపోతే ఆగదు.

మొగిలయ్య అనే బోర్డుల పెయింటరు ముందు ఒక వేసవిలో ఈ ప్రశ్నే వచ్చి నిలిచింది. గోడ మీద ఉన్నది ఆయన వేసిన చిత్రమే; అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ ఆయనకు అంతటి చిత్రం వేసే అవకాశం రాలేదు. బద్దలవుతున్న ఒక అగ్నిపర్వతం అది. దానికి రెండు కండ్లు పెడితే గోడ మిగులుతుంది, పెట్టకపోతే రోడ్డులో కలిసిపోతుంది. పెట్టమని భార్య అడిగింది, గోడ యజమాని అడిగాడు, బస్తీలోని ఆడవాళ్ళందరూ అడిగారు. ఆ రోజుల్లో గోడ యజమాని తరఫు వకీలు దగ్గర జూనియర్‌గా ఉండడం వల్ల నేను అక్కడికి వెళ్ళాను. తక్కినదంతా మొగిలయ్య కథ.

ఆయనది జనగామ దగ్గరి పల్లె. పెళ్ళయిన కొత్తలో భార్య సారలమ్మను వెంటబెట్టుకుని ఉప్పల్ చేరి, బస్ డిపోకు దగ్గరలో ఒక డబ్బా కొట్టు పెట్టి 'మొగిలి ఆర్ట్స్' అని తన బోర్డు తానే రాసుకున్నాడు. కిరాణా దుకాణాల పేర్లు, దంతవైద్యుల పళ్ళవరసలు, లారీల నుదుట తామరపూలు, ఆటోల వెనక నీతివాక్యాలు, ఎన్నికలు వస్తే నాయకుల నిలువెత్తు ముఖాలు. చెంగిచెర్ల నుంచి కీసర దాకా ఆయన అక్షరం పడని వీధి ఉండేది కాదు. అక్షరానికి నీడ ఎటు పడాలో నిర్ణయించే ముందు ఆ బోర్డు ఏ దిక్కుకు వేలాడుతుందో వెళ్ళి చూసి వచ్చేవాడని పాత దుకాణదారులు ఇప్పటికీ చెబుతారు.

తరువాత ఫ్లెక్సీ వచ్చింది. ఆ యంత్రం అలసిపోదు, చాయ్ అడగదు, నీడ ఎటు పడాలన్న దిగులు దానికి లేదు. ఉప్పల్‌లో పెయింటర్లందరూ ఒకరి వెనక ఒకరు కుంచెలు వదిలి అపార్ట్‌మెంట్ల గోడలకు సున్నాలు వేసే పనిలోకి వెళ్ళిపోయారు. మొగిలయ్య కూడా వెళ్ళాడు. డబ్బా కొట్టు మూసేసి నాచారం బస్తీకి మకాం మార్చినప్పుడు వెంట తెచ్చుకున్న వస్తువుల్లో ఒక క్యాలెండరు కాగితం ఉంది. రంగుల దుకాణం బుచ్చిబాబు ఒక ఏడాది తన ఖాతాదారులకు పంచిన విదేశీ క్యాలెండరులోది అది. ఇటలీ దేశంలోని వెసూవియస్ పర్వతం బద్దలవుతుండగా చూసి, ఎవరో చిత్రకారుడు రెండు వందల ఏళ్ళకు పూర్వం వేసిన బొమ్మ. ఆ చిత్రకారుడి పేరు కింది అంచున ఉండి ఉంటుంది. ఆ అంచును సారలమ్మ ఎప్పుడో కత్తిరించి పోపుల డబ్బా కింద పరిచింది.

"అందరి ఇండ్లల్ల లక్ష్మీదేవి ఫోటో ఉంటది. మా ఇంట్ల కాలవడ్డ కొండ ఉంటది," అని నాతో మొదటి పరిచయంలోనే ఆమె ఫిర్యాదు చేసింది. "వచ్చినోళ్ళందరు ఏంది సారక్కా, మీ ఊరు తగులవడ్డదా అని అడుగుతరు."

"తగులవడ్డదని జెప్పు. ఎవ్వడు రాడు," అన్నాడు మొగిలయ్య.

నేను ఆ కాగితాన్ని చూశాను. ఎడమ పక్క చీకటి కొండ, దాని నోటి నుంచి లేచిన మంట, మంట మీద పొగ. పొగ అడుగుభాగం రక్తంలా ఎర్రగా, పైభాగం నల్లగా ఉంది. కుడి పక్క సముద్రం, దాని మీద ఒక చందమామ, నీళ్ళలో వెండిచారిక. ఒకే బొమ్మలో రెండు వెలుగులు, ఒకటి దహించేది, ఒకటి చల్లార్చేది. ఒకదాని మీదికి ఒకటి రావు, ఒకదాన్ని ఒకటి పట్టించుకోవు. ముందు భాగంలో ఒడ్డున చీమలంత మనుషులు చేతులెత్తి నిలబడి ఉన్నారు.

"నాయకులను మస్తు మందిని గీసిన బిడ్డా," అన్నాడు మొగిలయ్య, ఆ చీమల మీద వేలుంచి. "పైసలు గట్టినోని మొకం పెద్దగ, పక్కనున్నోని మొకం జర సిన్నగ. సిన్నగయితే లొల్లి. గీ బొమ్మల సూడు, అందరు సీమలే. ఎవ్వనికి కోపం రాలె. ఎందుకంటవ్? ఆ కొండ ముందల గంతే ఉంటరని ఆళ్ళకు ఎర్కనే."

పెద్ద ముఖాలు వేసి బతికిన మనిషికి చిన్న మనుషులున్న బొమ్మ మీద ఇంత మక్కువ ఎందుకు కలిగిందో అప్పుడు నాకు కొంత అర్థమైంది. అయితే అలాంటి బొమ్మ తానే వేస్తానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. సత్యనారాయణమూర్తి గారి గోడ లేకపోతే వేసేవాడూ కాదు.

మూర్తి గారు భీమవరం వైపు నుంచి వచ్చి, నాచారం పారిశ్రామికవాడ లోపలి సందులో యంత్రాల విడిభాగాలు చేసే చిన్న కార్ఖానా పెట్టుకున్నారు. దానికి తన తల్లి పేరు పెట్టారు, త్రిపురసుందరి ఇంజనీరింగ్ వర్క్స్ అని. కార్ఖానాకు పొడుగాటి ప్రహరీ ఉంది. ఆ ప్రహరీ ఎదుట షేర్ ఆటోలు ఆగుతాయి. ఆటోలు దిగినవారిలో మగవారికి ఆ గోడ దేనికి పనికివస్తుందో ఈ దేశంలో పుట్టిన ఎవరికీ నేను వివరించనక్కర్లేదు. హెచ్చరికలు రాయిస్తే హెచ్చరికల మీదే కానిచ్చేవారు. చివరికి 2009 వేసవిలో ఆయన మొగిలయ్యను పిలిపించారు.

"అన్ని మతాల దేవుళ్ళనూ వరసగా వేసెయ్యవయ్యా. ఎవడి దేవుడికి వాడు భయపడి ఛస్తాడు."

"దేవుండ్లను గీ డ్యూటీకి వెడ్తమా సార్?" మొగిలయ్య నొచ్చుకున్నాడు. "మొకం మీద ఎండ, కాళ్ళ కింద కంపు. మనకు పుణ్యమా, పాపమా? నేను వేరే భయం వెడ్త."

"ఏం భయం?"

"కొండ భయం."

"నీ గోల నాకర్థం కాదు గానీ, కంపు పోతే చాలు. ఏదో ఒకటి కానియ్."

కానిచ్చిన మొదటి పని చూసి మూర్తి గారికి ఊపిరాడలేదు. మొగిలయ్య గోడంతా ఈ చివర నుంచి ఆ చివరి దాకా నల్లరంగు పూసి పెట్టాడు.

"ఏమయ్యా! ఇది కార్ఖానా గోడా, బొగ్గుల డిపోనా?"

"ముందుగాల సీకటి వడాలె సార్. సీకటి లేకుంట మంట యాడ వెడ్త?"

ఆ మంట తేలిగ్గా రాలేదు. నల్లని గోడ మీద కొండ ఆకారం కుదిరింది, పొగ లేచింది, మంట మాత్రం చచ్చి పడి ఉంది. రంగుల దుకాణంలో ఉన్న ఎరుపులన్నీ తెచ్చి కుమ్మరించాడు. ఎంత ఎరుపు పోస్తే అంత మందంగా తయారైంది. సందుకు అవతల పోతపని జరిగే ఒక ఫౌండ్రీ ఉంది. అందులో పని చేసే దుర్గేష్ అనే మనిషి చాయ్‌కి బయటికి వచ్చి, కాసేపు నిలబడి చూసి పకపకా నవ్వాడు.

"మామా, మిర్చి యార్డు పెట్టినవా ఏంది? గీ కారప్పొడి కుప్ప ఎవలది?"

"మంటరా అది."

"ఎర్రగున్నది మంట గాదు మామా. ఎర్రగున్నదంటే సల్లారుతున్నదన్నట్టు. నాతోని రా, పోత వోసేటప్పుడు సూపెడ్త."

మొగిలయ్య అతని వెంట వెళ్ళాడు. ఆ సాయంత్రం చూసిన దృశ్యాన్ని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ కొత్తగా చూసినవాడిలాగే చెప్పేవాడు. కొలిమి వంగి, కరిగిన ఇనుము మూసలోకి జారుతున్నప్పుడు దాని నడుమ రంగు లేదు, తెలుపు ఉంది. ఆ తెలుపు చుట్టూ నిమ్మపండు పసుపు, దాని చుట్టూ నారింజ. ఎరుపు ఎక్కడో అంచున, గాలి తగిలి చల్లారేచోట మాత్రమే. అంతకంటే ఆశ్చర్యమేమిటంటే, అప్పటిదాకా తెల్లగా కనబడుతున్న రేకుల కప్పు ఆ వెలుగు లేవగానే ఒక్కసారిగా నల్లబడిపోయింది. చుట్టూ ఉన్న మనుషుల ముఖాలు గడ్డం కింది నుంచి వెలిగాయి, నుదుళ్ళు చీకట్లో ఉండిపోయాయి.

"కింది నుంచి వెలుగు వడ్తే మనిషి తెలిసిన మనిషిలెక్క ఉండడు బిడ్డా. దుర్గేష్‌గాని మొకం సూసి నేనే బెదిరిన. రోజు నాతోని చాయ్ తాగేటోడే గద!"

తెల్లవారి వచ్చి ఎరుపంతా గీకి పారేశాడు. కొండ నోటి నడుమ ఇంచుమించు తెలుపే పెట్టాడు. దాని చుట్టూ పసుపు, పసుపు చుట్టూ నారింజ, ఎరుపును మాత్రం కొండ వాలు మీద జారుతూ ఆరిపోతున్న ధారల అంచులకు పరిమితం చేశాడు. పొగకు అడుగున మాత్రమే వెలుగు తగిలించాడు. కుడి పక్క సముద్రానికి వచ్చేసరికి మరొక ఇబ్బంది ఎదురైంది. పొద్దు వాలే వేళ ఎరుపు అన్నిటికంటే ముందు కంటికి ఆరిపోతుందనీ, నీలం చాలాసేపు మిగులుతుందనీ ఆయన బోర్డులు రాసిన అనుభవం కొద్దీ ఎరుగును. అందుచేత సాయంత్రమయ్యేసరికి తన కొండ చచ్చి సముద్రం బతుకుతుంది. ఆయన దాన్ని దిద్దడానికి ప్రయత్నించలేదు, అలాగే ఉండనిచ్చాడు. ఎండలో చూసేవారికి ఆ గోడ మంట. మసక వెలుతురులో చూసేవారికి వెన్నెల. రెండు వెలుగులకూ రోజును సమంగా పంచిపెట్టినట్టయింది.

పని పూర్తయ్యాక మూర్తి గారు గోడ పొడుగునా నడిచి వచ్చారు.

"అంతా బాగానే ఉంది గానీ, మా కంపెనీ పేరెక్కడయ్యా?"

మొగిలయ్య వంగి, సముద్రం మీద బొటనవేలంత పడవను చూపించాడు. దాని పక్కన ఆవగింజంత అక్షరాల్లో 'త్రిపురసుందరి' అని ఉంది.

"మా అమ్మ పేరు అంత చిన్నగానా!"

"కొండ పక్కపొంటి పోతున్నది సార్. గీ మంట ముందల పడవ గంతకన్న పెద్దగుంటే ఎవ్వడన్న నమ్ముతడా?"

మూర్తి గారు చాలాసేపు చూసి, "నిజమేలే. పాపం, ఆవిడకి నిప్పంటే భయం కూడా," అన్నారట.

కంపు ఆగిపోయింది. అలవాటు కొద్దీ గోడ దగ్గరకు వచ్చిన ఒక కూలీ తలెత్తి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోతూ, "గంత పెద్ద మంట ముందల మనదేం పనన్నా, సిగ్గనిపించింది," అన్నాడని దుర్గేష్ ఫౌండ్రీ అంతా చెప్పి నవ్వించాడు. ఆ కూలీ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. మన అలంకారికులు భయానకాన్నీ అద్భుతాన్నీ వేర్వేరు రసాలుగా గణించారు. ఆ గోడ ముందు నిలిచినవారికి ఆ రెంటి నడుమ గట్టు తెగిపోతుంది. భయం వేస్తుంది, అయినా వెనక్కి అడుగు పడదు. తాను ఎంత చిన్నవాడో తెలుస్తుంది, తెలిసినందుకు అవమానం కలగదు. నేను మొదటిసారి ఆ సందులోకి వెళ్ళినప్పుడు గోడ కొలతలు రాసుకోవాలని వెళ్ళి, కొలవకుండానే తిరిగి వచ్చాను.

కానీ అప్పటికే ఆ బొమ్మ మీద మరొక అధికారం ఏర్పడి ఉంది.

మరుసటి ఏడాది ఆషాఢంలో బస్తీ ఆడవాళ్ళు బోనాలెత్తుకుని డప్పుల వెంట ఆ సందులోంచి పోచమ్మ గుడికి పోతున్నారు. అందరికంటే ముందు నడుస్తున్నది ఉప్పలమ్మ, బస్తీలో అందరికీ పెద్దదిక్కయిన ముసలామె. గోడ దగ్గర ఆమె నడక ఆగింది. మొగిలయ్య ఫౌండ్రీలో చూసి ఎంతో శ్రద్ధగా పెట్టిన పసుపు, ఆ పసుపు అంచున ఎరుపు, పైన విరబోసుకున్న పొగ. ఆమె కంటికి అది కొండ కాలేదు. పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని, జుట్టు విరబోసుకున్న తల్లి. ఉప్పలమ్మ చెంబులో అమ్మవారికని తెచ్చిన సాక నీళ్ళను వేపరెమ్మతో గోడ మొదట్లో చిలకరించింది. వెనక వస్తున్నవారంతా అదే చేశారు. ఆ వారం తిరగకముందే గోడకు అగ్గి మైసమ్మ అని పేరు వచ్చింది.

మొగిలయ్య పరుగెత్తుకుంటూ పోయి మొత్తుకున్నాడు. "అవ్వా, అది కొండనే! నేను గీసిన కొండ!"

"కొండనే బిడ్డా," అంది ఉప్పలమ్మ. "అమ్మ కొండల ఉండక అపార్ట్‌మెంట్ల ఉంటదా?"

ఈ మాటకు ఏ న్యాయస్థానంలోనూ జవాబు లేదు. ఆ తరువాత శుక్రవారం శుక్రవారం గోడ మొదట్లో పసుపు చేరింది, నిమ్మకాయలు చేరాయి, నూనె దీపాలు చేరాయి. దీపాల మసి మెల్లగా పాకి వెన్నెల సముద్రాన్ని తాకింది. ఒడ్డున ఉన్న చీమలంత మనుషులు పసుపు కింద కప్పబడిపోయారు. మొగిలయ్య తడిగుడ్డ పట్టుకుని వెళ్ళి తుడిచి వచ్చేవాడు, ఎవరూ చూడని వేళ చూసి. ఒకసారి సొంత భార్యకే దొరికిపోయాడు. సారలమ్మ చేతిలోనూ పసుపు పొట్లం ఉంది.

"అమ్మకు పెట్టిన పసుపు తుడుస్తవా? కండ్లు పోతయ్!"

"నువ్వు గిట్ల రాస్తనే ఉండు, సూసెతందుకు ఏం మిగులదు. ఇంగ కండ్లు పోతే ఏంది, ఉంటే ఏంది?"

మూడేళ్ళు ఇలా గడిచాయి. పోచారం దాకా ఐటీ కార్యాలయాలు, వాటి బస్సులు, ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు, దారి మళ్ళించిన వాహనాలన్నీ లోపలి సందుల్లోకి. ఆ సందును వెడల్పు చేస్తామని 2013లో నోటీసు వచ్చింది. మూర్తి గారి ప్రహరీ పూర్తిగా పోతుంది. ఆయన మా సీనియర్ దగ్గరకు వచ్చారు. నోటీసు సక్రమంగానే ఉంది. పరిహారం గురించి అడగవచ్చు, గోడను ఆపలేము అని సీనియర్ చెప్పారు. నేను ఊరుకోలేదు. ఆ బొమ్మ కోసం ఏదైనా వాదన దొరుకుతుందేమోనని చట్టాలన్నీ తిరగేశాను. వందల ఏళ్ళ నాటి శిథిలానికి చట్టంలో చోటు ఉంది. గుడికీ మసీదుకూ చోటు ఉంది, కనీసం వాటిని ముట్టుకోవాలంటే అధికారులకు జంకు ఉంది. బతికున్న పెయింటరు ఒక కార్ఖానా గోడ మీద నిలబెట్టిన వెలుగుకు ఎక్కడా చోటు లేదు. ఇది చట్టంలో లోపమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మూర్తి గారు చట్టం తిరగెయ్యలేదు. ఆయన ఉపాయం సిద్ధంగా ఉంది.

మొగిలయ్య ఇంట్లో చాప మీద కూర్చుని, సారలమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ ఆయన చెప్పారు. "చూడు మొగిలయ్యా. పసుపు రాసినంత మాత్రాన రాయి దేవత కాదు, ఎవడైనా తీసి పక్కన పెడతాడు. కళ్ళు పెడితేనే దేవత. నువ్వు రెండు కళ్ళు వేసెయ్. వాటి మీద ఆడవాళ్ళు వెండి కళ్ళు తెచ్చి అతికిస్తారట. పంతులు నాలుగు మంత్రాలు చదువుతాడు. వచ్చే శుక్రవారం సర్వేయరు వస్తాడు. కళ్ళున్న అమ్మవారి జోలికి పోతాడా? రోడ్డును అవతలి పక్కకి జరుపుకుంటాడు."

"మీ ఆంధ్రోళ్ళకు గోడ దక్కుతది," అన్నాడు మొగిలయ్య నవ్వుతూ. "రేపు రాష్ట్రం వస్తే గోడతోని సహా పొమ్మంటం."

"పొమ్మను. కొండని కూడా మోసుకుపోతా," అన్నారు మూర్తి గారు. తరువాత నవ్వు మాని, "గోడ సంగతి అటుంచు. నీ బొమ్మ పోతుందయ్యా. నాకు అదీ బాధే," అన్నారు. ఆ మాట నిజమేనని ఆయన గొంతు చెప్పింది.

ఆయన వెళ్ళాక సారలమ్మ అందుకుంది. "ఆయన ఏం దప్పు జెప్పిండు? ఇరవై ఏండ్లు ఊరందరి పేర్లు రాసినవ్. ఒక్కటన్న ఉన్నదా? అన్నిటి మీద ఫ్లెక్సీ ఎక్కింది. గిదొక్కటి మిగిలింది. అమ్మ నీ చేతిల నుంచి వచ్చింది, నిన్ను నిలవెడ్తనంటున్నది. కండ్లు వెడ్తే నీ సొమ్మేం బోతది?"

మొగిలయ్య క్యాలెండరు కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక, "మీకు దేవుడి మీద నమ్మకం లేదా?" అని అడిగేశాను.

"గదేం మాట వకీలమ్మా? పోచమ్మకు ఏటేటా కోడిని కోస్త. పోచమ్మ నన్ను సూస్తది. పొద్దుగాల గుడి ముందల్నుంచి పోతుంటే, మొగిలిగాడు పోతున్నడు అని సూస్తది. ఇంట్ల లొల్లి అయితే ఆమెకు జెప్పుకుంట, ఇంటది." కాగితం మీది కొండను వేలితో చూపించి, "ఆ కొండ సూడదు," అన్నాడు. "గదే ఉన్నది దాంట్ల. మనం ఒడ్డున నిలవడి చేతులెత్తి మొత్తుకున్నా దానికి ఎర్కలేదు. మనకోసం మండుతలేదు, మన మీద కోపంతోని మండుతలేదు. ఉత్తగ మండుతున్నది. గంత వెలుగు, మనతోని పనిలేని వెలుగు! సూస్తే పాణం జల్లుమంటది. కండ్లు వెట్టిననుకో, అయిపాయె. అది మనల్ని సూస్తది, మనం దండం వెడ్తం, కోరికలు కోరుకుంటం. భయం పోతది. కొండ పోతది."

"పోతే పోనీ, గోడ ఉంటది గద!" అంది సారలమ్మ.

"ఉత్త గోడ ఎందుకే నాకు?"

సారలమ్మ చాయ్ గ్లాసులు విసురుగా తీసుకుని లోపలికి పోయింది. ఆమెకు కోపం వచ్చింది బొమ్మ మీద కాదు. మిగిలిన ఒక్కటీ పోతే ఈ మనిషి ఏమైపోతాడో అని ఆమె భయం. మొగిలయ్యకు ఇది తెలియక కాదు. ఆ శుక్రవారం దాకా ఆయన పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. మధ్యలో ఒక రోజు రెండు కండ్లను పాత అట్ట మీద వేసి చూశాడట. అవి చాలా చక్కగా కుదిరాయని, అందుకే ఎక్కువ భయం వేసిందని నాతో అన్నాడు.

శుక్రవారం పొద్దున నేను వెళ్ళేసరికి సందు నిండిపోయి ఉంది. గోడను పొద్దుటి ఎండ తాకుతోంది, కొండ నోటిలోని తెలుపు నిజంగా కాలుతున్నట్టే ఉంది. ఉప్పలమ్మ ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక జత వెండి కండ్లు పెట్టుకుని నిలబడింది. బస్తీ ఆడవాళ్ళంతా కలిసి చేయించినవి అవి. వారిలో సారలమ్మ కూడా ఉంది. మూర్తి గారు నిచ్చెన వేయించి ఉంచారు. పంతులు ఇంకా రాలేదు, సర్వేయరు మాత్రం ముందే వచ్చేశాడు, వెంట ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకున్న ఒక కూలీతో. రోడ్డు కోసం కూలగొట్టాల్సిన గోడల పొడుగునా గుర్తుగా ఎర్రగీత గీసుకుంటూ వాళ్ళు ఆ సందు మొదటి నుంచి వస్తున్నారు.

మా గోడ దగ్గరకు రాగానే కూలీ చెప్పులు విడిచాడు. కుంచె కిందికి దించి సర్వేయరు ముఖం వైపు చూశాడు. సర్వేయరు పసుపునూ దీపాలనూ చూశాడు, పళ్ళెంలోని వెండి కండ్లను చూశాడు.

"ఇది గుడా?" అని అడిగాడు. ఎవరిని అడగాలో తెలియక అందరినీ కలిపి అడిగాడు.

"అమ్మవారండీ. అగ్గి మైసమ్మ," అన్నారు మూర్తి గారు. "ఇవాళే కళ్ళు పెడుతున్నాం. ఇదుగో, ఈయనే పెడతాడు."

అందరి చూపులూ మొగిలయ్య మీదికి తిరిగాయి. ఉప్పలమ్మ పళ్ళెం ముందుకు చాపింది. "ఎక్కు బిడ్డా. మంచి గడియనే ఉన్నది," అంది.

మొగిలయ్య నిచ్చెన దగ్గర దాకా వెళ్ళాడు, దాని మీద చెయ్యి వేశాడు. ఒకసారి సారలమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి, పళ్ళేన్ని ఉప్పలమ్మ చేతుల్లోనే ఉంచి, దాని అంచును రెండు చేతులతో ముట్టి కళ్ళకద్దుకున్నాడు.

"గీటిని పోచమ్మకు పెట్టు అవ్వా. ఆమెకు పాతవి అరిగినయి."

తరువాత సర్వేయరుతో అన్నాడు. "గుడి గాదు సార్. అమ్మవారు గాదు. కొండ బొమ్మ. మొగిలయ్య అని, నేనే గీసిన. మీ గీత మీరు గీసుకోండ్రి."

మూర్తి గారు గోడకు చేరబడి, "పోనీలేవయ్యా," అని తనలో తానే అనుకున్నారు. కూలీ మాత్రం కదలలేదు. కుంచెను రంగులో ముంచాడు, ఎత్తాడు, ఆడవాళ్ళ ముఖాలు చూసి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"నాతోని కాదు సార్. నాకు పిల్లలున్నరు," అన్నాడు.

"అమ్మకు కోపమొస్తే ఎవలు మోస్తరు మొగిలీ?" అంది ఉప్పలమ్మ. అందులో బెదిరింపు లేదు, నిజంగానే అడిగింది.

"నేను మోస్త అవ్వా," అన్నాడు మొగిలయ్య. కూలీ చేతిలోంచి కుంచె తీసుకుని, సర్వేయరు చూపించిన ఎత్తు చూసుకుని, కొండ నోటికి కొంచెం కిందుగా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ఎక్కడా వణకకుండా ఎర్రగీత తానే గీశాడు.